చేసిన చాకిరికి వెల

ఐర్లండు దేశమున మాగ్డలీను లాండ్రీలను నాశ్రమము లుండెడివి. సన్యాసినుల పాలనలోని యా శాలలలో 1922 మొదలు 1996 వఱకు 10,000కు పైగా స్త్రీలు, బాలికలు పరుల బట్టల నుతికిరి. వారి చేతికి కూలి ముట్టలేదు. ప్రభుత్వశాఖలు సైతము తమ బట్టల నచట నుతికించుకొనెను.

2013లో ఆ దేశ ప్రధాని ఎండా కెన్నీ శాసనసభలో క్షమాపణ చెప్పెను. అచట నుండిన కాలమునుబట్టి 11,500 యూరోలు మొదలు 1,00,000 యూరోల వఱకు పరిహారము నేర్పఱచిరి. అయినను, ప్రక్కనున్న శిక్షణశాల పట్టీలో పేరుండుటచే, లాండ్రీలో చాకిరి చేసిన కొందఱు బాలికలకు, ముసలితనమునగూడ, అది దక్కలేదు. 2017లో ఓంబుడ్స్‌మన్ ఈ యన్యాయమును వెల్లడించిన పిమ్మట, 2018లో వారిని జేర్చుకొనిరి.

పోయిన బాల్యమునకు వెల కట్టగలవా రెవరు? ఈ సొమ్ము ఎగవేసిన కూలి. దీనిని దానమని యెంచరాదని మా యభిప్రాయము. మన యూరి శరణాలయమునకు చీరలు, పండ్లు పంపునపుడు, అందలి బాలికలు చేయు పని యేమో, వారి పేర్లు ఏ పుస్తకమున వ్రాసిరో యడిగి తెలిసికొందము.