వస్తానన్న తుపాను రాకపోతే...

మా అమ్మ వంటింటి గోడకున్న క్యాలెండరును చూస్తే అది క్యాలెండరో, పద్దుల పుస్తకమో తేల్చుకోలేం. పాలవాడు రాని రోజులు, గ్యాస్ బండ మార్చిన తేదీ, చీటీ పాట, అట్లతద్ది... అన్నీ ఆ గళ్లలోనే ఉంటాయి. అక్టోబరు వస్తే ఇంకో పద్దు చేరుతుంది. ‘తుపాను అన్నారు’ అని ఒక గడిలో పెన్సిలుతో రాసుకుంటుంది. నాలుగైదు రోజులు పోయాక మరో గడిలో దానికి జవాబు. ‘వచ్చింది’, ‘రాలేదు’, ‘వాన ఒక్కటే’, ‘గాలి లేదు. వడియాలు ఎండలేదు’... ఇలా.

ఏడాది దాటినా ఆ క్యాలెండర్లు చెత్తలోకి పోవు, అటకెక్కుతాయి. ఈమధ్య అటక సర్దుతుంటే ఆ చుట్ట దొరికింది. సర్దే పని పక్కనపెట్టి అవి చదువుతూ కూర్చున్నాను.

కోనసీమలో ఏ అరుగు మీద కూర్చున్నా తుపాను అంచనాల మీద రెండు మాటలు వినపడతాయి. ‘వాళ్లు చెప్పింది ఎప్పుడు జరిగింది గనక’ అనేది ఒకటి. ‘వాళ్లు చెప్పబట్టే కదా బతికి బట్టకట్టాం’ అనేది రెండోది. ఒక్కోసారి రెండు మాటలూ ఒకే మనిషి నోటి నుంచి వస్తాయి! ఇద్దరూ అబద్ధమాడటం లేదు. కాకపోతే ఇద్దరూ జ్ఞాపకం మీద ఆధారపడి మాట్లాడుతున్నారు. మన ఇల్లు తడిసిన తుపాను గుర్తుంటుంది, పక్క జిల్లాకు పోయింది గుర్తుండదు. ముందు ఏమన్నారో రాసిపెట్టుకుని, తర్వాత ఏం జరిగిందో దాని పక్కన రాస్తేనే తప్ప తేలదు. అమ్మ చేసింది సరిగ్గా అదే.

అలా రాసుకున్నా లెక్క తప్పే వీలుంది సుమండీ. 1884లో అమెరికా సైన్యంలోని వాతావరణ విభాగంలో ఫిన్లే అనే ఉద్యోగి ఉండేవాడు. టోర్నడోలు ఎక్కడ వస్తాయో, ఎక్కడ రావో ముందే చెప్పి, నూటికి 96కు పైగా నిజమయ్యాయని ప్రకటించాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు. అప్పుడు గిల్బర్ట్ అనే శాస్త్రవేత్త ఆ 2,803 అంచనాల చిట్టాను విప్పి చూశాడు. ఫిన్లే ‘వస్తుంది’ అన్నవి 100. అందులో వచ్చినవి 28. చెప్పకుండా వచ్చినవి మరో 23. మిగిలినవన్నీ ‘రాదు’ అంటే రానివే! అసలు ఏమీ చూడకుండా ప్రతిసారీ ‘రాదు’ అని చెప్పుకుంటూ పోతే నూటికి 98 దాటేదని గిల్బర్ట్ తేల్చాడు.

మన దగ్గరా అంతే. ‘రేపు తుపాను రాదు’ అని ఏడాది పొడుగునా చెప్పే మనిషి ఉన్నాడనుకోండి. దాదాపు అన్ని రోజులూ అతని మాటే నిజమవుతుంది. మునిగేది మాత్రం మిగిలిన ఆ ఒక్క రోజునే.

అలాంటి రోజులు ఈ తీరానికి కొత్త కాదు. కాకినాడను కొట్టిన తుపాను 1969 నవంబరు 7న వచ్చింది. పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమ తుపాను 1996 నవంబరు 6న. మూడూ విశాఖ కార్తె చుట్టుపక్కలే. కాబట్టి ‘విశాఖ కార్తెలో గండం’ అని ఏ సిద్ధాంతి చెప్పినా పూర్తిగా కొట్టిపారేయలేం. అది అనుభవం. కానీ ఏ ఏడు, ఏ ఊరు అన్నది అనుభవం చెప్పదు. దానికే ఈ శాస్త్రం.

1996లో లేనిది వ్యవధి. నవంబరు 5న సముద్రంలో వాయుగుండంగా ఉన్నది 6వ తేదీ రాత్రికల్లా కాకినాడకు దక్షిణంగా సుమారు 50 కి.మీ. దూరంలో తీరం దాటేసింది. హెచ్చరికలు లేవని కాదు. కానీ అవి లంకలకు, వేటలో ఉన్న బోట్లకు చేరి, జనం నమ్మి కదిలేలోపే అది వచ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరి తోటలు నడిమికి విరిగాయి.

ఆ తర్వాత గడువు పెరుగుతూ వచ్చింది. మన వాతావరణశాఖ 2009 నుంచి తుపాను దారిని మూడు రోజుల ముందు, 2013 నుంచి ఐదు రోజుల ముందు చెబుతోంది. బంగాళాఖాతంలో తుపాను పుట్టే అవకాశం ఉందా అన్నదాని మీద ప్రతి గురువారం రెండు వారాలకు సరిపడా అంచనా ఇస్తోంది. ప్రతి తుపాను వెళ్లాక తన అంచనా ఎన్ని కిలోమీటర్లు తప్పిందో తానే లెక్కకట్టి ప్రచురిస్తుంది. 2000ల మొదట్లో ఒక రోజు ముందు చెప్పిన చోటుకు, తుపాను అసలు ఉన్న చోటుకు మధ్య తేడా సగటున నూరు కిలోమీటర్లు దాటేది. ఈమధ్య ఏళ్లలో అది సుమారు 75-80 కి.మీ.కు తగ్గింది. మూడు రోజుల ముందైతే సుమారు 150-160 కి.మీ.

సముద్రం మీద అది చిన్న తేడానే. డెల్టాకు వచ్చేసరికి చిన్నది కాదు. కాకినాడ నుంచి నర్సాపురానికి గీత గీస్తే 85 కి.మీ. ఉంటుంది. అంటే ఒక రోజు ముందు చెప్పినప్పటి సగటు తప్పిదంలో కోనసీమ మొత్తం పట్టేస్తుంది! మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుపాను ఎక్కడ తీరం దాటితే దానికి కుడివైపు, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది. ఎడమవైపు ఊళ్లలో గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. నర్సాపురం దగ్గర దాటితే అంతర్వేది మొదలు కోనసీమ తీరమంతా కుడివైపు. కాకినాడ దగ్గర దాటితే అదే తీరం ఎడమవైపు, ఉప్పాడకు కష్టం. ఓడరేవుల్లో ఎగరేసే 8, 9, 10 నంబర్ల తేడా కూడా ఇదే. రేవు తుపాను దారికి ఎడమన ఉంటే 8, కుడిన ఉంటే 9, దారి దాని మీదుగానో పక్కనుంచో అయితే 10. నంబరు పెరిగితే గాలి పెరుగుతుందనే చాలా ఏళ్లు అనుకున్నాను నేను.

ఇక క్యాలెండర్ల సంగతి. 2012 నవంబరు మొదటి వారం గళ్లలో ఒకే మాట. ‘వాన’, ‘వాన’, ‘వాన’. నీలం తుపాను అక్టోబరు 31న తమిళనాడులో మహాబలిపురం దగ్గర తీరం దాటింది. అంతా అయిపోయిందనుకున్నాం. బలహీనపడి పైకి జరిగిన ఆ మిగులే ఉభయగోదావరి జిల్లాలను ముంచింది. తుపాను దారి ఒక్కటే చూసి మార్కులు వేస్తే అది మన పరీక్షే కాదు. చేలో నిలిచిన నీటిని చూసి వేస్తే మన పరీక్షే!

2013 నవంబరు పేజీ నిండా గీతలే. 22న హెలెన్ మచిలీపట్నానికి దక్షిణాన దాటింది. గోదావరి జిల్లాల్లో కోతకొచ్చిన సార్వా చేలు చాప పరిచినట్లు పడిపోయాయి. ఆ నీళ్లు తీయకముందే ఇంకో కబురు... అండమాన్ దాటి లెహర్ వస్తోంది, అతి తీవ్ర తుపానుగా మారింది, 28న కాకినాడకు దగ్గరలో తీరం దాటుతుందని.

మా మావయ్యది నాలుగెకరాల కౌలు సేద్యం. సగం చేను హెలెన్ పడుకోబెట్టగా, నిలబడ్డ సగం ఇంకా పచ్చిగింజ మీద ఉంది. ఇంకో పది రోజులు ఆగాల్సిన చేను. ఉంచాలా, కోయాలా? కూలి రెట్టింపు ఇచ్చి, తడి నేలలో కోయించి, దొరికినన్ని బరకాలు తెచ్చి కుప్పేశాడు. 28 మధ్యాహ్నం లెహర్ వచ్చింది. మచిలీపట్నం దగ్గర, ఉత్త వాయుగుండంగా. అమ్మ గడిలో ఒకే మాట ఉంది. ‘రాలేదు’. పచ్చి ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలులో ఏమవుతుందో రైతు ఇళ్లలో చెప్పక్కర్లేదు. తాలు, తేమ అంటూ వ్యాపారి కోసిన కోతకు మావయ్యకు పెట్టుబడి కూడా రాలేదు.

లెహర్ ఎందుకు చతికిలబడిందో తర్వాత తేల్చారు. పైగాలులు అనుకూలించలేదు. ఉత్తరం నుంచి చల్లని పొడిగాలి లోపలికి చొరబడింది. తీరం వైపు సముద్రంలో తుపానుకు మేతగా కావలసిన వేడి చాలలేదు. వారం కిందట హెలెన్ అదే వైపు సముద్రాన్ని కలియబెట్టి పోయిందని గుర్తుచేసుకుంటే, ముందు వచ్చింది తర్వాతి దాని నోటి దగ్గర కూడు తీసేసిందేమో అనిపిస్తుంది. తుపాను దారి చెప్పడంలో వచ్చిన నేర్పు దాని బలం చెప్పడంలో ఇంకా అంతగా రాలేదు.

‘‘ఒరేయ్ అబ్బాయ్, రేపు వానంటే గొడుగు పట్టుకెళ్తాం. రాకపోతే చంకన పెట్టుకుని ఇంటికొస్తాం. చేను కోసేశాక తిరిగి అతికించలేం కదరా’’ అన్నాడు మావయ్య.

ఆ మాట మీద ఒక లెక్క చూడండి. తొందరపడి కోస్తే పంటలో పావు వంతు పోతుందనుకుందాం. కోయకపోతే, తుపాను వస్తే మొత్తం పోతుంది. అప్పుడు హెచ్చరిక నాలుగింట ఒక్కసారి నిజమైనా కోసినవాడు నష్టపోడు. అంతకు మించి నిజమైతే కోయడమే లాభం. కానీ మిగిలిన మూడుసార్లూ అతను ఊళ్లో నవ్వులపాలవుతాడు. చాలా ఏళ్ల మీద సరిపోయే లెక్క ఇది. సొంత పొలం ఉన్నవాడు ఆ మూడుసార్లు తట్టుకోగలడు. పండినా పండకపోయినా బస్తాలు కొలవాల్సిన కౌలుదారు రెండోసారికే అప్పులపాలవుతాడు. వాతావరణ కేంద్రం వేసుకునే మార్కుల్లో కిలోమీటర్లు ఉంటాయి, గంటలు ఉంటాయి. ఈ బస్తాలు ఏ పట్టికలోనూ కనపడవు.

2018 డిసెంబరులో పెథాయ్ వస్తోందన్నప్పుడు మావయ్య చేను కోసి పనల మీదే ఉంది. ‘లెహర్‌ని చూడలేదూ’ అని ఊరుకున్నాడు. 17న అది కాట్రేనికోన ప్రాంతంలోనే తీరం దాటింది. ముందు అనుకున్నంత గాలి లేదన్న మాట నిజమే. కానీ పనలను కుళ్లబెట్టడానికి గాలి అక్కర్లేదు, వాన చాలు. గింజ మొలకెత్తింది. ఐదేళ్ల కిందటి ‘రాలేదు’కు ఖరీదు ఆ రోజు కట్టాడాయన.

2022 మేలో అసని సంగతి దీనికి తిరగేసింది. ఒడ్డుకు రాకుండా ఒడిశా వైపు మళ్లిపోతుందన్నది, మళ్లకుండా 11న మచిలీపట్నం, నర్సాపురం మధ్య నేలకెక్కింది. అప్పటికే బలం తగ్గింది కనుక సరిపోయింది.

ఈమధ్య కొత్త తలనొప్పి ఫోన్లది. పదిహేను రోజుల తర్వాత కాకినాడ మీద ఎర్రటి సుడి తిరుగుతున్న బొమ్మ ఒకటి మా బంధువుల గ్రూపులోకి వస్తుంది. నిమిషాల్లో పది మంది పంచుకుంటారు. అది దొంగబొమ్మ కాదు. అమెరికా వాళ్ల కంప్యూటర్ రోజుకు నాలుగుసార్లు, పదహారు రోజుల ముందుకు లెక్క కడుతుంది. అందులో ఒకసారి వచ్చిన జవాబు అది. ఆరు గంటలాగి చూస్తే అదే సుడి బర్మా మీద ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. ఆ రెండో బొమ్మను మాత్రం ఎవరూ పంపరు!

మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా రోజులు గడిచేకొద్దీ అది కొండంత అవుతుందని, రెండు వారాలు దాటాక ఏ రోజు ఏం జరిగేదీ చెప్పడం అసాధ్యమని లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1960ల్లోనే చూపించాడు. అందుకే యూరప్ కేంద్రం ఒకే లెక్కను కాస్త కాస్త తేడాలతో 51 సార్లు కడుతుంది. అందులో నలభై ఒకే చోటుకు చేరితే లేచి చూడాల్సిందే. చెన్నై నుంచి చిట్టగాంగ్ దాకా చెదిరిపోతే ఎవరికీ తెలియదని అర్థం. గ్రూపులోకి వచ్చేది ఆ 51లాంటి వాటిలో అందరికంటే భయపెట్టే ఒక్కటి. ఇలాంటి దూరపు అంచనాను ఒక్క తుపానుతో పరీక్షించలేం. ‘నూటికి ముప్పై అవకాశం’ అన్నవి పది రాసిపెట్టుకుని, అందులో మూడో నాలుగో వస్తే చెప్పినవాడు నిజాయతీపరుడు. పదీ వచ్చినా తప్పే, ఒక్కటీ రాకపోయినా తప్పే. అందుకు అమ్మ క్యాలెండర్లు అటకనిండా కావాలి.

చివరి పద్దు 2025 అక్టోబరుది. మొంథా కాకినాడ పరిసరాల్లో, మచిలీపట్నం, కళింగపట్నం మధ్య 28 రాత్రి దాటుతుందని ముందే చెప్పారు. ఆ రెండు పట్నాల మధ్య దాదాపు 400 కి.మీ. ఉంది కనుక ఆ మాట తప్పే వీల్లేదంటాడు అరుగు మీది మొదటాయన. అర్ధరాత్రి వేళ నర్సాపురం దగ్గర దాటింది. కాకినాడ నుంచి కొలిస్తే ఎనభై కిలోమీటర్ల తేడా. మూడు రోజుల ముందు చెప్పినదానికి ఇది మంచి మార్కే. తర్వాత వాన తెలంగాణలోకి పోయి వరంగల్, హనుమకొండలను ముంచెత్తింది. నీలం కథే, ఊళ్లు వేరు.

27 సాయంత్రం మావయ్య ఫోన్ చేశాడు. ‘‘కాకినాడంటున్నారు. కాస్త ఇటు జరిగితే మనం కుడిపక్క పడతాం కదరా?’’ అన్నాడు. ఈసారి కోయాలా వద్దా అన్న బాధ లేదు. గింజ ఇంకా పాలు మీదే ఉంది, కోయడానికేం లేదు. నీరు పోవడానికి గట్లకు గండ్లు కొట్టి, అత్తయ్యను, పశువులను పెద్దూరు పంపించి ఇంట్లో కూర్చున్నాడు.

అమ్మ 29వ తేదీ గడిలో రాసింది: ‘కాకినాడ అన్నారు. నర్సాపురం. రెండు కొబ్బరిచెట్లు. అన్నయ్య చేను పడింది, మనుషులు క్షేమం’. చోటు చాలక ఆఖరి మాట 30వ తేదీ గడిలోకి పాకింది. వచ్చే ఏడాదికి గళ్లు పెద్దగా ఉన్న క్యాలెండరు చూడమంది.