టైప్-సీ గొడవ తీరింది సరే.. మ్యాగ్నెట్ సంగతేంటి? చందానగర్ కేబుల్ నుంచి కొంగర కలాన్ ఎయిర్‌పాడ్స్ దాకా

చందానగర్ మెయిన్ రోడ్డు మీద ఏ మొబైల్ షాపులోకి వెళ్లినా ఇప్పుడు ఒకటే మాట. "టైప్-సీయే కదా అన్నా?" మూడేళ్ల కిందట ఇదే కౌంటర్ దగ్గర "సన్న పిన్నా? టైప్-సీయా? ఐఫోన్ పిన్నా?" అని మూడు ప్రశ్నలు అడిగేవాళ్లు. ఇప్పుడు అంతా ఒకటే పిన్ను. కస్టమర్ గెలిచాడనే అనుకోవాలి. కానీ నిజంగా గెలిచాడా?

మొన్న నాకే ఒక చిన్న దెబ్బ తగిలింది. ఫోన్‌లో షూట్ చేసిన ఫుటేజ్ లాప్‌టాప్‌లోకి ఎక్కించాలి. కొత్తగా కొన్న టైప్-సీ కేబుల్ పెట్టాను. ఫోన్ చార్జ్ అవుతోంది, ఫైల్స్ మాత్రం కనిపించడం లేదు. అరగంట కుస్తీ పట్టాక అర్థమైంది.. అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్. ప్యాకెట్ మీద ఆ ముక్క ఎక్కడా లేదు. బులెటిన్ టైం మాత్రం దాటిపోయింది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. టైప్-సీ అన్నది రంధ్రం ఆకారం పేరు. అందులో 24 పిన్నులు ఉంటాయి. వాటిలో ఎన్నింటికి వైర్లు కలిపారు, ఎంత కరెంటు తట్టుకుంటుంది, డేటా ఎంత స్పీడుగా వెళ్తుంది అన్నది కేబుల్ కేబుల్‌కీ మారుతుంది. మామూలు కేబుల్ 3 ఆంప్స్, అంటే 60 వాట్ల దాకా మోస్తుంది. అంతకు మించి కావాలంటే కేబుల్ తలలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. పైకి చూస్తే రెండూ కవల పిల్లలే. ఐఫోన్ 15నే తీసుకోండి. పోర్టు టైప్-సీకి మారింది కానీ, డేటా స్పీడు మాత్రం పాత లైట్నింగ్‌లాగే 480 ఎంబీపీఎస్. 10 జీబీపీఎస్ కావాలంటే ప్రో మోడల్ కొనాలి. ప్రో కొన్నా, బాక్సులో ఇచ్చిన కేబుల్‌తో ఆ స్పీడు రాదు. వేరే కేబుల్ కొనుక్కోవాల్సిందే!

యూరప్ ఎలా దారికి తెచ్చింది?

లైట్నింగ్ పిన్ను 2012లో ఐఫోన్ 5తో వచ్చింది. పదకొండేళ్లు ఏలింది. దాన్ని దించింది మార్కెట్ కాదు, చట్టం. 2022 అక్టోబర్ 4న యూరోపియన్ పార్లమెంట్ 602 ఓట్లతో కామన్ చార్జర్ రూల్‌ను పాస్ చేసింది. వ్యతిరేకంగా పడినవి 13 మాత్రమే. 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లు, ట్యాబ్‌లు, ఇయర్‌బడ్స్‌కి టైప్-సీ తప్పనిసరి. లాప్‌టాప్‌లకి గడువు 2026 ఏప్రిల్ 28. పారేసిన, వాడకుండా మూల పడేసిన చార్జర్ల వల్ల ఏటా సుమారు 11 వేల టన్నుల ఈ-వేస్ట్ వస్తోందని యూరప్ లెక్క. ఇలాంటి రూల్ కొత్త ఆవిష్కరణలకు అడ్డం పడుతుందని యాపిల్ వాదించింది. ఆఖరికి గడువు కంటే ముందే, 2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ 15తో మారిపోయింది.

మన దగ్గర కూడా కదలిక వచ్చింది. 2022 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మీటింగ్‌లో కంపెనీలు టైప్-సీకి ఒప్పుకున్నాయి. 2023 జనవరిలో బీఐఎస్ స్టాండర్డ్ కూడా బయటకొచ్చింది. కానీ యూరప్ రూల్‌లో ఇంకో రెండు ముఖ్యమైన సంగతులున్నాయి. ఒకటి, ఫాస్ట్ చార్జింగ్ ఉన్న ఫోన్ ఏ బ్రాండ్‌దైనా యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే ఉమ్మడి పద్ధతిని సపోర్ట్ చేయాలి. రెండు, ఫోన్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో బాక్సు మీద లేబుల్ వేయాలి. నన్నడిగితే మన కస్టమర్‌కి పోర్టు కంటే ఈ లేబులే ముఖ్యం. ఇంట్లో నాలుగు టైప్-సీ చార్జర్లు ఉన్నా, ఒక బ్రాండ్ 80 వాట్ల ఫోన్‌కి ఇంకో బ్రాండ్ చార్జర్ పెడితే నత్తనడకే కదా! అడాప్టర్ కొనేటప్పుడు కనీసం బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయో లేదో చూసుకోండి.

కనెక్టర్ కంపెనీయే మన ఊరికొచ్చింది

ఇక సిటీకి అటు చివరకు వెళ్దాం. కొంగర కలాన్ అంటే మనవాళ్లకి 2018లో టీఆర్ఎస్ పెట్టిన భారీ సభ గుర్తొస్తుంది. ఇప్పుడు అక్కడ ఫాక్స్‌కాన్ ప్లాంటు ఉంది. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే ఫాక్స్‌కాన్ ఇంటర్‌కనెక్ట్ టెక్నాలజీ.. ఫాక్స్‌కాన్‌లో కనెక్టర్లు, కేబుళ్ల వ్యాపారం చూసే కంపెనీ ఇదే. 2023 మే 15న అప్పటి మంత్రి కేటీఆర్ శంకుస్థాపన చేశారు. మొదటి దశలోనే 25 వేల మందికి డైరెక్ట్ ఉద్యోగాలని అప్పట్లో ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో ఎగుమతి కోసం ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది.

టైమింగ్ చూడండి. సరిగ్గా అదే ఏప్రిల్‌లో రెండు దేశాలు కత్తులు దూశాయి. 2న ట్రంప్ టారిఫ్‌లు ప్రకటించారు. భారత్‌పై 26 శాతం. చైనాపై అయితే పెంచుకుంటూ పోయి 145 శాతం దాకా తీసుకెళ్లారు. తర్వాత స్మార్ట్‌ఫోన్లు, కంప్యూటర్లకు మినహాయింపు ఇచ్చారు. చైనా ఊరుకుంటుందా? 4వ తేదీనే ఏడు రకాల రేర్ ఎర్త్ ఖనిజాల ఎగుమతికి లైసెన్స్ తప్పనిసరి చేసింది. ఆ ఏడింటిలో డిస్ప్రోసియం ఒకటి. మ్యాగ్నెట్ వేడెక్కినా శక్తి తగ్గకుండా కాపాడేది అదే. ఇయర్‌బడ్ స్పీకర్‌లో మ్యాగ్నెట్ ఉంటుంది, కేసు మూత టక్కున పడేది కూడా మ్యాగ్నెట్ వల్లే.

మే 15న.. అంటే కొంగర కలాన్ శంకుస్థాపనకి కరెక్ట్‌గా రెండేళ్లు నిండిన రోజున, ట్రంప్ దోహాలో మాట్లాడుతూ యాపిల్ ఇండియాలో ఫ్యాక్టరీలు కట్టడం తనకిష్టం లేదని టిమ్ కుక్‌తోనే చెప్పానన్నారు. జులైలో ఇంకో వార్త. డిస్ప్రోసియం కొరతతో కొంగర కలాన్‌లో ఎయిర్‌పాడ్స్ తయారీకి ఇబ్బంది వచ్చిందని, విషయం రాష్ట్ర ప్రభుత్వం దాకా వెళ్లిందని రిపోర్టులు వచ్చాయి. సమస్య చిన్నదే, సర్దుకుందని కంపెనీ వైపు నుంచి వినిపించింది. అదే నెలలో దక్షిణాది ఐఫోన్ ప్లాంట్ల నుంచి 300 మందికి పైగా చైనా ఇంజనీర్లను ఫాక్స్‌కాన్ వెనక్కి పంపిందని బ్లూంబర్గ్ రాసింది.

అంటే పరిస్థితి ఏంటి? ఒకరు టారిఫ్ గేటు వేస్తారు, ఇంకొకరు ముడిసరుకు కుళాయి కట్టేస్తారు. మధ్యలో షిఫ్టు బస్సు కోసం నిలబడేది ఇబ్రహీంపట్నం, ఆదిభట్ల చుట్టుపక్కల పిల్లలు. చందానగర్ నుంచి ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగే ఐటీ ఉద్యోగికి అమెరికా వీసా వార్త వస్తే గుండె దడ. ఇకపై ఫ్యాక్టరీ ఉద్యోగికి బీజింగ్ లైసెన్స్ వార్త కూడా అలాంటిదే.

అక్టోబర్ 30న బూసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశారు కదా, అంతా చల్లబడింది అనుకునేవాళ్లున్నారు. పూర్తిగా కాదు. చైనా ఏడాది పాటు పక్కన పెట్టింది అక్టోబర్‌లో ప్రకటించిన కొత్త ఆంక్షల్ని. ఏప్రిల్‌లో పెట్టిన లైసెన్స్ రూల్ దాంతో రద్దవలేదు. డిస్ప్రోసియం ఉన్నది ఆ పాత లిస్టులోనే.

మరి మనం చేసుకోలేమా? ప్రయత్నాలు లేకపోలేదు. విశాఖలో ఐఆర్‌ఈఎల్ రేర్ ఎర్త్ మ్యాగ్నెట్ ప్లాంటును 2023 మే 11న ప్రధాని జాతికి అంకితం చేశారు. అయితే అది సమేరియం-కోబాల్ట్ రకం. ఇయర్‌బడ్స్‌లో ఎక్కువగా వాడేది నియోడిమియం రకం. దాని టెక్నాలజీ మీద మన కంచన్‌బాగ్‌లోని ఎన్‌ఎఫ్‌టీడీసీ పని చేస్తోంది. 2025 నవంబర్ 26న కేంద్ర క్యాబినెట్ రూ.7,280 కోట్ల మ్యాగ్నెట్ స్కీమ్‌కి ఓకే చెప్పింది. టార్గెట్ ఏడాదికి 6 వేల టన్నులు. శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో మోనజైట్ ఉన్న సంగతి పాతదే. కానీ ఇక్కడ ఒక తిరకాసుంది. మోనజైట్‌లో దొరికేవి ఎక్కువగా తేలిక రకాలు.. నియోడిమియం లాంటివి. డిస్ప్రోసియం లాంటి బరువైన రకాలు అందులో చాలా తక్కువ. స్కీమ్ వచ్చినంత మాత్రాన కొంగర కలాన్‌కి ఆ ఒక్క ఖనిజం విశాఖ నుంచి లారీలో వచ్చేయదు.

ఈలోగా మా ఆఫీసు డెస్క్ మీద ఎనిమిది టైప్-సీ కేబుళ్లున్నాయి. ఫైల్స్ ఎక్కేవి మూడే. వాటికి ఎర్ర టేపు చుట్టి పెట్టుకున్నాం.