వాయిదాల సేద్యం

"ఓడినవాడు కోర్టులో ఏడ్చాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు" అని మా పక్క ఒక సామెత ఉంది. చిన్నప్పుడు అది నవ్వులాటకు అనే మాటనుకున్నాను. నేను మూడో తరగతిలో ఉండగా మా జేజినాయన ఒక గట్టు తగాదాలో దావా వేశాడు. ఇప్పుడు నాకు ఇరవయ్యేళ్లు. జేజినాయన పోయాడు. దావా మాత్రం బతికే ఉంది!

మాది గోరంట్ల దగ్గర పల్లె. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసే ఇల్లు. తగాదా పన్నెండు సెంట్ల నేల మీద. అవతలివాళ్లు పరాయివాళ్లు కారు, వరసకు మామ అవుతాడు. ఈ పన్నెండేళ్లలో ఆ నేలలో పండింది ఏమీ లేదు. మా నాయన వాయిదాలకు తిరిగిన బస్సు చార్జీలు, వకీలు ఫీజులు లెక్కేస్తే అలాంటి నేల ఇంకోటి కొనుండొచ్చు. ఒక జత ఎద్దులు కూడా పోయాయి.

సైన్సు చదివేవాడికి కోర్టుల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. రైతుబిడ్డలం ఎంతోమందిమి ఈ కాలేజీలో ఉన్నాం. మనలో ఏ ఇంట్లో పాత దస్తావేజుల సంచీ ఒకటి గోడకు వేలాడటం లేదు?

సీమవాసులు కోర్టు అనగానే హైకోర్టు మాట ఎత్తుతారు. అందులో న్యాయముంది. రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలనీ, ఏది కావాలో సీమ కోరుకోవచ్చనీ 1937లోనే శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. 1954లో హైకోర్టు గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు పోయింది. 2019 జనవరి 1 నుంచి అమరావతి పీఠంగా ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు ఏర్పడింది. గోరంట్ల నుంచి అది నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. కర్నూలులో బెంచి కావాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానం కూడా చేసింది. బెంచి రావాలి, వస్తే సంతోషమే. అయితే నాదొక ప్రశ్న. బెంచి రేపే వస్తే మా నాయన వాయిదాలు తగ్గుతాయా?

తగ్గవు. ఎందుకంటే రైతు కేసు నడిచేది అక్కడ కాదు. కింద జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉంది. మా ఊళ్లో ఇప్పటికీ మునసబు కోర్టనే అంటారు. దానిపైన సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా జడ్జి. కింది తీర్పు నచ్చకపోతే మొదటి అప్పీలు జిల్లాలోనే. హైకోర్టుకు పోయేది రెండో అప్పీలు. 1976 సవరణ తర్వాత సివిల్ ప్రొసీజర్ కోడు నూరో సెక్షను ప్రకారం ముఖ్యమైన చట్టపు ప్రశ్న ఉంటేనే దాన్ని వింటారు. అంటే గట్టు ఎక్కడుంది, రాయి ఎవరు జరిపారు అన్న నిజం తేలేది మామూలుగా కిందనే. పునాది అక్కడుంటే మనం గోపురం ఎక్కడ కట్టాలని కొట్లాడుకుంటున్నాం.

కెమిస్ట్రీలో ఒక సూత్రం చదువుకుంటాం. ఒక చర్య అనేక అంచెల్లో జరిగితే అన్నిటికన్నా నిదానమైన అంచె ఏదో, మొత్తం చర్య వేగం దానిదే. దావాకూ అంచెలున్నాయి: దావా, జవాబు దావా, వివాదాంశాలు, సాక్ష్యం, వాదన, తీర్పు, ఆ తర్వాత అమలు. మా కేసు ఏ అంచెలో నిలిచిపోయిందో విడుపులో కాగితాలు ముందేసుకుని చూశాను. వాదనకు పట్టింది రెండు పూటలు. కొలతలకు కమిషనరును వేయించుకుని, సర్వేయరు వచ్చి గొలుసు పట్టేసరికి రెండేళ్లు. జేజినాయన పోయాక అవ్వనూ నాయననూ వారసులుగా చేర్చడానికి మరో ఏడాది. జడ్జిగారు బదిలీ అయితే కొత్తవారు వచ్చేదాకా కొన్ని నెలలు. మిగిలినదంతా వాయిదాలే.

జడ్జీలను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్క పూటలో వాళ్ల ముందుకొచ్చే కేసుల కట్టలు కళ్లారా చూశాను. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని 1987లో లా కమిషన్ చెప్పింది. అయిదేళ్లలో అలా చేయమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నేటికీ దేశంలో అందులో సగమైనా లేరు. చేను నిండా పంట ఉండి కోతకు ఇద్దరే మనుషులుంటే ఏమవుతుంది?

చట్టం లేక కాదు ఈ జాగు. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వరాదని సివిల్ ప్రొసీజర్ కోడులోనే ఉంది. తీర్పు అమలు ఆరు నెలల్లో ముగించాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడవాళ్లకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది. అంటే మా అవ్వకు వకీలు ఉచితంగా దొరికేవాడు! పన్నెండేళ్లలో ఆ మాట మాకు ఒక్కరూ చెప్పలేదు.

ఇక భాష. నాయన తెలుగులో సాక్ష్యం చెప్పాడు, అది ఇంగ్లీషులో టైపయింది, కింద తెలుగులో సంతకం చేశాడు. ఏం రాశారు నాయనా అంటే, "మంచిదే రాసుంటార్లేరా" అన్నాడు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఇద్దరు అన్నదమ్ముల ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పునిచ్చింది. హైకోర్టుకు సాధ్యమైంది కింది కోర్టుకు సాధ్యం కాదా?

కాబట్టి మనం అడగవలసినవి పెద్దవేమీ కావు. ఖాళీగా ఉన్న జడ్జీ కుర్చీలు నింపాలి. కోర్టు కొలతలకు గడువు పెట్టి సర్వేయరును పంపాలి. మూడు వాయిదాల నియమం కాగితం మీంచి కోర్టు హాల్లోకి రావాలి. రైతు సాక్ష్యం రైతుకు అర్థమయ్యే భాషలో ఉండాలి. బెంచి కోసం ఊరేగింపు తీసే యూనియను వీటి కోసం ఒక్క మహజరైనా పంపకూడదా?

మనం చేయగలిగిందీ ఉంది. ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిసి పదహారు గుర్తుల నంబరు ఒకటి ఉంటుంది. అది ఫోనులో కొడితే వాయిదా ఎప్పుడో, ఎందుకు పడిందో తెలుస్తుంది. సెలవులకు ఊరికి పోయినప్పుడు మన ఊళ్లో పదిమందికి అది చూసి చెబుదాం. రాజీకి దారి ఉన్నచోట లోక్ అదాలత్ సంగతి చెబుదాం. అక్కడ కుదిరిన రాజీకి అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది.

పోయినేడు మా దావాలో తీర్పు మా వైపే వచ్చింది. మామ అప్పీలుకు పోయాడు. ఆ రాత్రి నాయన ముద్ద తినకుండా లేచాడు. "గెలిచినాం కదా నాయనా" అన్నాను. "గెలిచినాంలే" అని ఊరుకున్నాడు. సామెతలో గెలిచినవాడు ఎందుకేడ్చాడో ఆ రోజు తెలిసింది. పండక్కి మామ ఇంటికి పోయి పలకరించి, లోక్ అదాలత్‌కు పోదామా అని నేనే అడగబోతున్నాను. ఏమంటాడో చూడాలి.