నడినెత్తి ఎండలో పెండ్లి ఫోటోలు

బరంపురంలో వైశాఖమాసపు పెండ్లి ఎట్లా ఉంటుందో ఇక్కడి పాఠకులకు మేము వేరే చెప్పనక్కరలేదు. పిల్లల సెలవులూ అప్పుడే, ముహూర్తాలూ అప్పుడే, ఎండలూ అప్పుడే. ముహూర్తం రాత్రికి పడితే కొంత నయం. పగలు పదింటికి కర్కాటక లగ్నమై, అదీ కల్యాణమండపంలో కాక ఇంటి దొడ్లో పందిరి వేసి చేస్తే, వంటవాళ్ల తరువాత అంత అవస్థపడేవాడు ఫోటోలు తీసేవాడేనని మా అభిప్రాయం. పురోహితులవారికి కూర్చునే వీలైనా ఉన్నది.

మా ఊరికి ఇంకొక విశేషం. ఏటా మే 17వ తేదీ ప్రాంతంలో, పగలు పన్నెండుకు పావుగంట ఉందనగా, సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారుగా పాతిన గుంజకు నీడే ఉండదు. మనిషి ముఖం మీద మాత్రం నీడంతా కళ్లగుంటలలోనూ ముక్కు క్రిందనూ చేరుతుంది. పెండ్లికూతురు ఎంత చక్కగా నవ్వినా, ఫోటోలో పదిరోజులు జ్వరపడి లేచినట్లు కనిపిస్తుంది.

ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లం నలుగురం నెలకొక ఆదివారం కూడి, ఒకరి చిత్రాలు ఒకరు చూసి మంచిచెడ్డలు చెప్పుకోవడం కొన్నేండ్లుగా మాకు అలవాటు. ఒకరు స్టూడియో నడుపుతారు. ఒకరు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఒకామె బ్యాంకులో ఉద్యోగి. నాలుగవవారము మేము. ఈ తడవ మా బంధువుల కుర్రవాడొకడు తన మేనత్త కూతురి పెండ్లి చిత్రాలు పట్టుకొని వచ్చాడు. రెండువేల నాలుగువందలు తీసి, అందులో మూడువందలు ఏరి తెచ్చాడట. అగ్ఫా క్లిక్ 3 కెమెరాలో రీలుకు 12 ఫోటోలే వచ్చే రోజులలో ఇట్టి పెండ్లి మూడు రీళ్లతో అయిపోయేదని మాస్టారు నిట్టూర్చారు.

ముందు పందిరి సంగతి వచ్చింది. సగం కొబ్బరాకు, సగం టెంటు హౌసువారి ఎరుపు పసుపు షామియానా. కొబ్బరాకు సందులలోనుంచి ఎండ కాసులు కాసులుగా ముఖాల మీద పడింది. షామియానా క్రింద కూర్చున్న మగపెండ్లివారంతా కుంకుమలో స్నానం చేసినట్లున్నారు. ముఖమంతా ఒకే రంగు పడితే కంప్యూటరులో సరిచేయవచ్చుగాని, ఒక చెంప మీద గుడ్డ రంగూ రెండవ చెంప మీద పగటి వెలుగూ పడితే ఒకటి దిద్దితే రెండవది చెడుతుందని స్టూడియోవారు చెప్పారు. పందిరి పైకప్పుకు తెల్లగుడ్డ కట్టించడమే మందు. పెద్దవాళ్లు తెలుపేమిటంటారు, చుట్టూ అంచులకు ఎన్ని రంగులైనా కట్టుకొమ్మంటే సరి.

మధుపర్కాల ఫోటోలను అందరమూ మెచ్చుకున్నాము. కెమెరా తెల్లబట్టను చూసి వెలుగు ఎక్కువైందనుకొని దానిని బూడిదరంగుకు దించుతుంది. కుర్రవాడు అది తెలిసి ఒక స్టాపు ఎక్కువ ఇచ్చాడు. ఎర్ర అంచు ఎర్రగా, బట్ట తెల్లగా నిలిచింది. అరుంధతీ దర్శనం ఫోటో ఇంకా బాగున్నది. పట్టపగలు లేని నక్షత్రాన్ని చూడడానికి ఇద్దరూ తలలెత్తేసరికి వెలుగు ముఖం నిండా పడి కళ్లగుంటల నీడ పోయింది. కండ్లు చికిలించారు గాని, ఆ రోజుకంతటికీ అవే మంచి ముఖాలు.

అంతవరకు మాట్లాడని మాస్టారు, “పెండ్లికూతురి మామ్మ ఏదోయ్?” అన్నారు.

వెదికితే ఒక్క ఫోటోలో దొరికింది. పందిరి గుంజ ప్రక్కన, సగం నీడలో, సగం ఎండలో నిలబడి ఉన్నది. ఎండ పడిన వైపు తెల్లచీర పూర్తిగా వెలిసిపోయి కాగితమైంది. అట్లా వెలిసిపోయినచోట తిరిగి తెచ్చుకొనేందుకు కెమెరాలో ఏమీ మిగలదు. అంతకు ముందే స్టూడియోవారు ఆ చిత్రాన్ని తీసిపారేయమన్నారు.

మన ఇండ్లలో భర్త పోయిన పెద్దావిడ తలంబ్రాల దగ్గరకు రాదు. రావద్దని ఎవ్వరూ అనరు. ఆవిడే వెనక్కు తగ్గుతుంది. ఫోటోగ్రాఫరు చూపంతా పీటల వైపే. మూడువందల చిత్రాలలో మంగళవాద్యాలవారు పదిసార్లున్నారు, మామ్మ ఒక్కసారి.

“ఫోటో వద్దన్నదండీ మాస్టారూ,” అన్నాడు కుర్రవాడు.

“పీటల దగ్గర వద్దన్నది బాబూ. వంటింటి గుమ్మంలో అడిగావా?” అన్నది బ్యాంకు ఉద్యోగిని.

వాడు మాట్లాడలేదు. స్టూడియోవారు మాత్రం తన మాట వదలలేదు. డబ్బిచ్చినవారి చేతిలో పెట్టే ఆల్బములో ఒక పుట చెడితే మిగతా పుటలను కూడా అనుమానంగా చూస్తారన్నారు. వృత్తిగా చేసేవారికి అది న్యాయమే. కాని ఇక్కడ తీసినవాడు ఇంటిపిల్లవాడు, చూసేవారు ఇంటివారు. కనుక మేము మాస్టారి పక్షమే వహించాము.

పైగా లెక్క చూడండి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఇంటికి ఏ దిక్కున ఉన్న వసారా అయినా నీడే. ఎదుట వాకిట్లో పడిన ఎండ నేల మీదనుంచి పైకి కొట్టి, కళ్లక్రింద నీడను తుడిచేస్తుంది. ఫ్లాషు అక్కరలేదు, గొడుగు అక్కరలేదు. అంతటి మెత్తని వెలుగు ఆ రోజు పందిట్లో ఎక్కడా దొరకదు. మన మామ్మలూ పెద్దత్తలూ పెండ్లినాడు కూర్చునేది సరిగ్గా అక్కడే, ఆకులు తుడుస్తూనో, పసిపిల్లను ఒళ్లో పెట్టుకొనో. అక్కడికి వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి తీస్తే వద్దనేవారు తక్కువ. గ్రూపు ఫోటోలు ఉదయం ఏడింటిలోపు కానివ్వాలని, లేదా సాయంత్రం అయిదు దాటనివ్వాలని కూడా వాడికి చెప్పాము. ఎనభై ఏండ్లవారిని మిట్టమధ్యాహ్నం వాకిట్లో వరుసగా నిలబెట్టడం ఫోటో కోసమైనా తగదు.

కుర్రవాడు ఆ మామ్మ ఫోటోను తీసిపారేయలేదు. ఎండ పడిన వైపు కొంత కత్తిరించి, నలుపు తెలుపులలో అచ్చువేయించి ఆవిడకే ఇచ్చి వచ్చానని తరువాత చెప్పాడు. జ్యేష్ఠంలో వాడికి ఇంకొక పెండ్లి ఉన్నది. మాస్టారిని తోడు రమ్మంటే, భోజనానికైతే వస్తానన్నారు.

వచ్చే నెల ఆదివారం మళ్లీ కూడుతున్నాము. పాఠకులలో ఆసక్తి గలవారు తమ చిత్రాలు తేవచ్చును. ఏరినవే కాక, తీసిపారేయదలచినవి కూడా వెంట తేవలసిందిగా మనవి.