శిబిరంలో ఒక మాట, సభలో ఒక ఓటు

ప్రతిపక్షంలో ఉన్నంతకాలం నిరసన ప్రజాస్వామ్యానికి ఊపిరి. అధికారం చేతికి రాగానే అదే నిరసన శాంతిభద్రతల సమస్య. మన రాష్ట్రంలో ప్రభుత్వాలు మారినా ఈ రీతి మారలేదు.

2018 ఆగస్టు 28న గుంటూరులో తెలుగుదేశం ‘నారా హమారా - టీడీపీ హమారా’ సభ జరిపింది. ముస్లిములకిచ్చిన హామీలేమయ్యాయని ప్లకార్డులు చూపిన నంద్యాల యువకులను పోలీసులు అరెస్టు చేసి, కేసులు పెట్టారు. నాటి ప్రతిపక్షమైన వైఎస్సార్ కాంగ్రెస్ దానిని ఖండించింది, సంతోషమే. కానీ రహదారుల వెంట పాదయాత్ర చేసి అధికారానికి వచ్చిన ఆ పార్టీయే 2023 జనవరిలో, కందుకూరు తొక్కిసలాటను కారణంగా చూపి, రహదారులపై సభలను కట్టడి చేస్తూ జీవో నెం.1 తెచ్చింది. మే నెలలో హైకోర్టు దానిని కొట్టివేసింది. 2024 జనవరిలో సమ్మె చేస్తున్న అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లపై ఎస్మా ప్రయోగించింది.

రైతుల విషయమూ అంతే. 2020లో సాగు బిల్లులకు పార్లమెంటులో మద్దతిచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్, అదే ఏడాది డిసెంబరు 8న వాటికి వ్యతిరేకంగా జరిగిన భారత్ బంద్‌కు సంఘీభావం ప్రకటించి, మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆర్టీసీ బస్సులు నిలిపింది. అమరావతి రైతులు రోడ్డెక్కితే మాత్రం 144వ సెక్షన్ విధించింది. ఢిల్లీ సరిహద్దులో కూర్చున్నవారు రైతులైతే, అమరావతిలో కూర్చున్నవారు ఎవరు?

ఇక మన సంగతి. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుకు ఈ రెండు పార్టీలూ పార్లమెంటులో మద్దతిచ్చాయి. వీధుల్లో జనం కదిలాక ముఖ్యమంత్రి కడపలో ఎన్నార్సీ అమలు చేయబోమన్నారు. 2020 జూన్‌లో శాసనసభ తీర్మానమూ చేసింది. చట్టం మాత్రం చట్టంగానే నిలిచింది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288-232 ఓట్లతో నెగ్గింది. ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. తాము కోరిన సవరణలు చేర్పించామంటూ తెలుగుదేశం బలపరచింది.

కొత్తచెరువు ఉన్న హిందూపురం లోక్‌సభ స్థానాన్నే చూడండి. 2019లో ఇక్కడ గెలిచిన పార్టీ పౌరసత్వ బిల్లును బలపరచింది. 2024లో గెలిచిన పార్టీ వక్ఫ్ బిల్లును బలపరచింది. రెండుసార్లూ మన ఇళ్ల ముందుకు వచ్చి ఓటడిగినవారే! ఇఫ్తార్‌కు వచ్చిన నాయకునికి మనం గౌరవంగా టోపీ పెడతాం. ఆయన పార్టీ వెళ్లి సభలో మనకే టోపీ పెడుతుంది.

కనుక నాయకులను శిబిరంలో పలికిన మాటతో కాక, సభలో వేసిన ఓటుతో, అధికారంలో ఇచ్చిన జీవోతో తూచాలి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులందరికీ ఇచ్చింది. అది ఏ పార్టీ దయాభిక్షా కాదు.

అయితే ఈ తూకం మనకూ వర్తిస్తుంది. న్యాయం మనకూ మనవారికీ వ్యతిరేకమైనా దానివైపే నిలబడాలన్నది మన ధర్మం నేర్పిన పాఠం. అంగన్‌వాడీ కార్యకర్త, అమరావతి రైతు, ధర్మవరం నేతన్న గొంతెత్తినప్పుడు మనం మౌనంగా ఉండి, మన శిబిరానికి అందరూ రావాలనడం తగదు.

వచ్చే ఎన్నికల్లో ఓటడగ వచ్చిన ప్రతి అభ్యర్థినీ మసీదు కమిటీలు, యువజన సంఘాలు రెండే ప్రశ్నలు అడగాలి. మా హక్కులను తాకే బిల్లు వస్తే మీ ఓటు ఎటు? మీ ప్రభుత్వంపైనే మేము శాంతియుతంగా నిరసన తెలిపితే కేసులు పెట్టనివ్వబోమని హామీ ఇస్తారా? జవాబు నోటిమాటగా కాదు, కాగితంపై సంతకంతో కావాలి.