చులకనయ్యారా? చులకన చేశారా?

మనిషిని తక్కువ చేసే మాటలకు తెలుగులో కొదవ లేదు. చిన్నచూపు, చులకన, అలుసు, లోకువ, ఈసడింపు, హేళన... అన్నీ ఒకటే అనుకుంటాం. వాక్యంలో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ‘వాడు ఊళ్లో చులకనైపోయాడు.’ ‘మనం అందరికీ అలుసైపోయాం.’ ‘నలుగురిలో లోకువయ్యాం.’ ఈ వాక్యాల్లో చులకన చేసినవాడు ఎక్కడ? లేడు. తప్పంతా చులకనైన మనిషిదే అన్నట్టుంది. ‘మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి’ అనే సామెత కూడా అంతే. మొత్తే చెయ్యి ఎవరిదో చెప్పదు.

పోనీ, మెత్తగా ఉండకుండా ఎదురు మాట్లాడితే? అప్పటికి వేరే మాటలు సిద్ధంగా ఉంటాయి: పొగరు, కొవ్వెక్కింది, నెత్తికెక్కారు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది తాగునీటి చెరువును మురికి చేయొద్దని దళితులు అడిగినందుకు. జులై 17న జరిగిన దాడిలో ఆరుగురు దళితులను చంపారు. చిన్నచూపు మనసులో ఉండే ఒట్టి భావం కాదని, ‘మీ హద్దులో మీరుండండి’ అనే హెచ్చరికని మనం అక్కడే చూశాం. హద్దు దాటితే మాట కర్రవుతుంది, గొడ్డలవుతుంది.

చేసినవాడెవడని అడిగే పనిని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989) చేస్తుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఇందులో రెండు వేర్వేరు నేరాలున్నాయి. జనం చూసే చోట కించపరచాలని కావాలనే అవమానించడం, బెదిరించడం సెక్షన్ 3(1)(ఆర్) కిందికి వస్తుంది. జనం చూసే చోట కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్) కిందికి వస్తుంది. మొదటి దానికి కులం పేరు నోటితో పలికి తీరాలన్న షరతు సెక్షన్‌లో లేదు. అయినా రెంటినీ కలిపి ‘కులం పేరుతో దూషించారు’ అనే ఒక్క వాక్యంలో చుట్టేస్తున్నాం.

దీని నష్టం కోర్టులో తెలుస్తుంది. హితేశ్ వర్మ కేసులో (2020) సుప్రీంకోర్టు, బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ‘జనం చూసే చోట’ కిందికి రాదంది. బంధువులు, స్నేహితులు మాత్రమే ఉంటే చాలదంది. షాజన్ స్కారియా కేసులో (2024) ప్రతి అవమానమూ ఈ చట్టం కిందికి రాదని, దాని వెనక అంటరానితనం లేదా కులాధిక్య భావం ఉండాలని చెప్పింది. కానీ నేటి చిన్నచూపు ఎక్కువగా బతికేది ఆ నాలుగు గోడల మధ్యే. గైడు గదిలో ‘రిజర్వేషన్‌లో వచ్చావు కదా’ అనడం, ‘మీరు ఏవాళ్లు?’ అని అడిగాక ‘ఇల్లు ఖాళీ లేదు’ అనడం అలాంటివే. తిట్టు లేదు, కులం పేరు లేదు, సాక్షి లేడు. చట్టం చూపు ఆనని ఈ చోటు గురించి మనం గట్టిగా వాదించాల్సి ఉంది.

కులం పేరే అవమానం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1994 జులై 7న ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం, తిట్టుగా వాడిన ‘మాదిగ’ మాటను మనుషుల పేర్ల చివర గర్వంగా నిలబెట్టింది. మాట అదే. అనేవాడు, అనే ఉద్దేశం మారాయి. కాబట్టి తూచాల్సింది మాటను ఒక్కదాన్నే కాదు. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నారో చూడాలి.

అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు ‘అసభ్య పదజాలం’, ‘అనరాని మాటలు’ అని మర్యాదగా దాటేయొద్దు. అన్న మాట అన్నట్టే, ఆ యాసలోనే రాయాలి. ఎవరన్నారు, ఏ చోట, ఏ సమయంలో, అక్కడ బయటివాళ్లు ఎవరెవరున్నారు, ఆ చోటు దారిన పోయేవాళ్లకు కనబడుతుందా అన్నవి రాయాలి. 2008 నాటి స్వరణ్ సింగ్ తీర్పు ప్రకారం సొంత ఆవరణ అయినా బయటివాళ్లకు కనబడితే అది జనం చూసే చోటే. ‘నేను చులకనైపోయాను’ అని కాదు, ‘ఫలానా మనిషి ఈ మాట అని నన్ను చులకన చేశాడు’ అని రాద్దాం. కరపత్రంలోనూ, థీసిస్‌లోనూ, మన ఇళ్లలో పిల్లలతో మాట్లాడేటప్పుడూ అలాగే అందాం.