‘నేను’ పక్కకు జరిగితే

పెళ్లిపత్రికలో తన పేరు కిందికి పోయిందని అలిగి పెళ్లికి రాని పెద్దమనుషులు ప్రతి చుట్టరికంలోనూ ఉంటారు. శిలాఫలకం మీద పేరు లేదని ప్రారంభోత్సవం మధ్యలో లేచిపోయేవారు ఉంటారు. ఏళ్లుగా ఒకే బల్ల దగ్గర పనిచేసి, పదోన్నతి పక్కవాడికి వచ్చిన రోజు నుంచి మాటలు మానేసినవారూ ఉంటారు. వీళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ ఆ నొప్పి మనలో ఎవరికి తెలియదు? పిలవాల్సిన చోట పిలవకపోతే, చేసిన పనిని ఇంకొకరి ఖాతాలో వేస్తే, లోపల ఏదో చురుక్కుమంటుంది. రాత్రి నిద్ర పట్టదు. అంతగా గాయపడుతున్నది ఎవరు? నిజంగా మనమేనా, లేక మనమని మనం అనుకుంటున్న ఇంకెవరో?

అరుణాచలంలో రమణ మహర్షి తన దగ్గరికి వచ్చినవారిని ఈ ప్రశ్న వైపే తిప్పేవారు. అయితే ఓరుగల్లు నేల మీద దీనికి జవాబు వెతకాలంటే ముక్కు మూసుకుని కూర్చోనక్కరలేదు. ఇక్కడి మనుషులు చేసిన పనులు చూస్తే చాలు.

పాలకుర్తి దగ్గరి బమ్మెర గ్రామం పోతన ఊరని ఇక్కడివారి నమ్మకం. కావ్యాన్ని రాజులకు అంకితమిచ్చి ఊళ్లూ వాహనాలూ పుచ్చుకోవడం తనకు వద్దని ఆయనే రాసుకున్నాడు. ఆ తెగువను మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. భాగవతం మొదట్లోనే అంతకంటే లోతైన సంగతి మరొకటి ఉంది. నన్నయ, తిక్కన వంటివారు ఎన్నో పురాణాలు తెలుగు చేసి కూడా భాగవతం జోలికి రాకపోవడం తన పూర్వపుణ్యమని ఆయన మురిసిపోతాడు. అంతటివాళ్లు చేయని పనికి తాను పూనుకున్నానని చెప్పుకోవడానికి అక్కడ ఎంత చోటుందో చూడండి. పోతన మాత్రం వాళ్లు తనకోసం మిగిల్చి వెళ్లారనుకున్నాడు. తనచేత పలికిస్తున్నది రాముడే అన్నాడు. గర్వపడవలసిన చోట కృతజ్ఞత పుట్టింది.

ఇంతగా తనను తాను వెనక్కి నెట్టుకున్న కవికి సొంత గొంతు మిగిలిందా? తెలుగు చదువుకున్నవారెవరైనా నాలుగు పాదాలు వినగానే ఇది పోతనదని గుర్తుపడతారు. కర్తను నేను కానన్నవాడి ముద్రే చెరగకుండా నిలిచింది. భాగవతంలో అయిదో స్కంధం గంగన రాశాడు. ఆరోది ఏర్చూరి సింగన రాశాడు. చివరి రెండూ వెలిగందల నారయవి. నారయ తాను పోతన శిష్యుడినని చెప్పుకున్నాడు. అయినా మనం మొత్తాన్నీ పోతన భాగవతమనే అంటున్నాం. అవతలివారి గ్రంథంలో తమ పనిని కలిపి తృప్తిపడిన ఆ ముగ్గురికీ కూడా మనం రుణపడి ఉన్నాం.

అదే భాగవతం ఎనిమిదో స్కంధంలో గజేంద్రుడున్నాడు. మందను నడిపే ఏనుగుకు బలమే తన ఉనికి. మొసలి కాలు పట్టినా ఏళ్ల తరబడి ఆ బలంతోనే పోరాడింది, ఎవరినీ పిలవలేదు. సత్తువ సన్నగిల్లాకే పిలిచింది. అప్పుడైనా నమ్మకం ఒక్కసారిగా రాలేదు. దేవుడనేవాడు అసలు ఉన్నాడో లేడోనన్న అనుమానాన్ని కూడా పోతన ఏనుగు నోట దాచకుండా పలికించాడు. అహం వదలడమనేది చాలామంది జీవితంలో ఇలాగే జరుగుతుంది. ఎవరూ మంచిరోజు చూసుకుని దాన్ని వదలరు. జబ్బు చేసినప్పుడో, వ్యాపారం దెబ్బతిన్నప్పుడో, ఎదిగిన పిల్లలు ఎదురు తిరిగినప్పుడో పట్టు సడలుతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వరండాలో రాత్రిపూట రోగుల వెంట వచ్చినవారిని చూస్తే ఇది తెలుస్తుంది. ముక్కూమొహం తెలియనివారు చాప పంచుకుంటారు, ఒకరి టిఫిన్ డబ్బా ఇంకొకరి ముందు తెరుస్తారు, ‘అక్కా, నువ్వు పోయి చాయ్ తాగిరా, నేను చూస్తుంటా’ అంటారు. అక్కడ ఎవరి హోదా ఎవరికీ పట్టదు. ఆపదలో బయటపడే ఆ మనిషి మామూలు రోజుల్లోనూ మనలోనే ఉంటాడు. ఆయనకు చోటు ఇవ్వని వాళ్లం మనమే.

ఆపద రాకుండానే ఆ చోటు ఇవ్వడానికి ఇంకో దారి ఉంది. పాలంపేట గుడి ఆ దారి చూపిస్తుంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దాన్ని ప్రతిష్ఠించాడని శాసనం చెబుతోంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. లోపలున్న దేవుడు రుద్రేశ్వరుడు. జనం మాత్రం రామప్ప గుడి అంటారు. రామప్ప ప్రధాన శిల్పి అని వాడుక. ఆయన ఏమనుకున్నాడో, ఎలా బతికాడో చరిత్రకు తెలియదు. తెలిసేదంతా రాతి మీదే ఉంది. చూరు కింద నల్లరాతి మదనికల మెడలో హారాలు చూడండి. పూస పూసకూ మధ్య సందు ఉంటుంది. గుడి లోపల సూది పట్టేంత సన్నని రంధ్రాలు కూడా చెక్కారు. ఉలి ఒక్క వెంట్రుకవాసి జారితే నెలల శ్రమ పోతుంది. అంత సన్నని పని చేసేటప్పుడు నన్ను ఎవరైనా చూస్తున్నారా అన్న ఆలోచనకు తావుండదు. మనసంతా ఉలి మొన దగ్గరే ఉండాలి. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానా నేసే కార్మికుణ్ని చూసినా ఇదే తెలుస్తుంది. రంగు మారే పోగు దగ్గర ఆయన ముఖంలో వేరే ఆలోచన కనిపించదు. అహాన్ని తరిమికొట్టాలని కూర్చుంటే అది ఇంకా బలపడుతుంది. చేతిలోని పని మీద మనసు నిలిపితే దానంతటదే పక్కకు జరుగుతుంది.

అలాగని అహం వదలడమంటే తలవంచి బతకడమని ఎవరూ పొరబడకూడదు. ఆ మాట బలహీనులకు చెప్పి నోరు మూయించడం మన సమాజానికి అలవాటు. ఆత్మగౌరవం వేరు, అహంకారం వేరు. తేడా తెలియాలంటే ప్రజాకవి కాళోజీని తలచుకోవాలి. నిజాం కాలంలో జైలుకు వెళ్లారు. అత్యయిక పరిస్థితి తరువాత సత్తుపల్లిలో సాక్షాత్తూ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద స్వతంత్రుడిగా నిలబడి ఓడిపోయారు. ఆయన కోపం ఎప్పుడూ తనకు జరిగినదాని గురించి కాదు. అన్నం దొరకనివాడి కోసం, మాట్లాడే భాషను చులకన చేయించుకున్నవాడి కోసం ఆయన కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఇతరుల బాధ అంత సహజంగా తన గొడవ అయిపోయింది. 1992లో పద్మవిభూషణ్ వచ్చినా హన్మకొండ వీధుల్లో అందరికీ అందే మనిషిగానే ఉన్నారు. 2002 నవంబర్ 13న కన్నుమూశాక ఆయన పార్థివదేహాన్ని కాకతీయ వైద్య కళాశాలకు అప్పగించారు. నాది అని అందరం చివరిదాకా పట్టుకునే ఒంటిని కూడా ఆయన పిల్లల చదువుకు వదిలిపెట్టారు. ఈనాడు తెలంగాణ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే వరంగల్‌లో నడుస్తోంది.

కాళోజీ జీవితం నుంచి మనం రోజూ వాడుకోదగిన పరీక్ష ఒకటి దొరుకుతుంది. కోపం వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇదే అన్యాయం నాకు కాకుండా పక్కింటివాడికి జరిగితే నాకు ఇంతే మండేదా అని మనల్ని మనం అడగాలి. మండేదనిపిస్తే ఆ కోపాన్ని వదలకూడదు, నిలబడి కొట్లాడాలి. మండేది కాదనిపిస్తే గాయపడింది మనమని మనం అనుకుంటున్న బొమ్మ మాత్రమే, మనం కాదు. దాన్ని ఓదార్చడానికి నిద్ర పాడుచేసుకోనవసరం లేదు.

ధ్యానం అలవాటున్నవారు ధ్యానం చేస్తారు. లేనివారికి కూడా తమను తాము మరిచిపోయే పని ఏదో ఒకటి ఉంటుంది. బడిలో వెనకబడిన పిల్లవాడికి లెక్క అర్థమయ్యేదాకా చెప్పడం కావచ్చు, చెరువుగట్టున మొక్కలకు నీళ్లు పోయడం కావచ్చు, మంచాన పడ్డ తల్లికి అన్నం తినిపించడం కావచ్చు. ఫొటో తీయకుండా, ఎవరికీ చెప్పకుండా ఆ పనికి రోజులో కొంత సమయం కేటాయిస్తే చాలు. మార్పును మనకంటే ముందు ఇంట్లోవాళ్లు గమనిస్తారు. కోపం తగ్గిందనీ, మాట పూర్తిగా వింటున్నారనీ వాళ్లే అంటారు. సాధన సరైన దారిలో ఉందనడానికి అంతకు మించిన రుజువు అక్కరలేదు.